నిజంగానే మద్దెల ఓడైతే?

'ఆడలేక మద్దెల ఓడు' అనే సామెత మనందరికీ తెలుసు. పని చేతకానివాళ్ళు పనిముట్టు మీద నెపం వేస్తారని దాని అర్థం. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఈ సామెత మా ఇంట్లో మా అమ్మమ్మ మీద పడింది. కంద తరుగుతూ తరుగుతూ మధ్యలో ఆపేసి, "ఈ కత్తి నాకు పడదు, బరువు" అంది. పక్కనే కాఫీ తాగుతున్న మామయ్య వెంటనే సామెత అందుకున్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. కత్తి కడిగి స్టాండులో పెట్టి, వెళ్ళి టీవీ ముందు కూర్చుంది. ఆ తర్వాత వారం రోజులు కూరగాయల జోలికే రాలేదు. "పోనీలే, వయసైపోయింది, రెస్టు తీసుకోనీ" అన్నారు ఇంట్లో.

వయసు కాదు, కత్తే సరిగ్గా లేదని నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఆమె కోసం ఒక తేలిక కత్తి ఇంట్లోనే తయారుచేశాను. అది ఎలా చేశానో చెప్పడం ఈ వ్యాసంలో సగం పని. మిగతా సగం నా అభిప్రాయం: కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. దాన్ని సరిచేసుకునే సాధనాలు ఇప్పుడు ఇంటి బల్ల మీదికి వచ్చేశాయి. వాటిని ఇంజనీరింగ్ వాళ్ళ సామాను అని వదిలేస్తే నష్టపోయేది రోజూ కత్తి పట్టే మనమే.

ముందు కత్తిపీట సంగతి చెప్పాలి. మనలో చాలామంది ఇళ్ళలో అటక మీద ఒకటి ఉండే ఉంటుంది. కొందరు ఈలపీట అంటారు, మన తమిళ స్నేహితులు అరివాళ్‌మణై అంటారు. దాని పనితనం గమనించారా? అక్కడ కత్తి కదలదు, కూరగాయే కదులుతుంది. పీటని కాలితో తొక్కిపెడతాం, రెండు చేతులతో కాయ పట్టుకుని అలుగు మీదికి నెడతాం. అంటే బలం మణికట్టు ఒక్కదాని మీదే పడదు; భుజాలు, నడుము, ఒంటి బరువు అన్నీ సాయం చేస్తాయి. ఎత్తాల్సిన బరువు కత్తిది కాదు, కాయది.

అపార్ట్‌మెంట్లు వచ్చాక వంట నిలబడి చేయడం మొదలైంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కింద కూర్చోవడం తప్పింది, అది మంచిదే. కానీ రెండు చేతులూ ఒళ్ళూ కలిసి చేసే పని ఒక చేతి మీద పడింది. నొప్పి మోకాలి నుంచి మణికట్టుకి మారిందంతే. ఆ చేతికి ఇచ్చిన కత్తి ఎవరి చేతిని కొలిచి చేసింది? దుకాణంలో ఉన్నవన్నీ ఒకటే సైజు పిడి. చెప్పుల దుకాణానికి వెళ్తే అయిదో నంబరు, ఆరో నంబరు, ఏడో నంబరు అని అడుగుతాం. గాజులకి రెండుంబావు, రెండున్నర అని కొలత చెప్తాం. రోజుకి గంటసేపు పట్టుకునే కత్తికి మాత్రం కొలతే లేదు. అయిదు వేళ్ళూ ఒకలా ఉండవని చెప్పుకునే మనం అన్ని చేతులూ ఒకలా ఉంటాయని ఎలా ఒప్పుకున్నాం?

ఇక తయారీ. పాలిటెక్నిక్ చదువుతున్న మా పిన్ని కొడుకు దగ్గర చిన్న త్రీడీ ప్రింటర్ ఉంది. అది ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళు జంతికల గొట్టాన్ని తలుచుకోండి. ప్లాస్టిక్ తీగ వేడి మూతిలోంచి కరిగి సన్నగా దిగుతుంది. గీసిచ్చిన ఆకారం ప్రకారం ఆ మూతి తిరుగుతూ, ఒక పొర మీద ఇంకో పొర పేరుస్తుంది. ఈ పద్ధతి పుట్టింది కూడా ఇంటి పనిలాంటి పనిలోనే. అమెరికాలో స్కాట్ క్రంప్ అనే ఆయన తన చిన్న కూతురికి బొమ్మ కప్ప చేసిపెడదామని వేడి జిగురు గన్‌తో పొరలు పొరలుగా పోసి చూశాడు. 1989లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. 2009లో దాని గడువు తీరింది. అంతకుముందే, 2005లో, ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బౌయర్ ఎవరైనా సొంతంగా చేసుకోగల ప్రింటర్ పని మొదలుపెట్టి, దాని నమూనాలు అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఫ్యాక్టరీల్లో ఉన్న యంత్రం బల్ల మీదికి వచ్చింది ఈ రెండు కారణాల వల్లే.

మొదటే ఒక మాట: ప్రింటర్‌తో కత్తి మొత్తం చేయలేం. పిడి మాత్రమే చేయగలం. అలుగు ఉక్కుదే కావాలి. ఉక్కుని సుమారు 800 డిగ్రీలకి కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్ళీ 200 డిగ్రీల దగ్గర కాస్త మెత్తబరిస్తేనే పదును నిలుస్తుంది. అది కమ్మరి విద్య. మన తెలుగు నేల దానికి కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి 'వూట్జ్' అనే ఇండియా ఉక్కు మీద పరిశోధన పత్రం సమర్పించాడు. తెలుగు, కన్నడ రెండింటిలోనూ ఉన్న 'ఉక్కు' మాటే నోళ్ళు మారి వూట్జ్ అయిందని చాలామంది పండితులు అంటారు. అంత విద్యని ప్లాస్టిక్ యంత్రంతో భర్తీ చేద్దామని నేను అనడం లేదు. కమ్మరి చేసిన మంచి అలుగుకి చేతికి తగిన పిడి పెడదాం అంటున్నాను, అంతే.

కాబట్టి పాత కత్తితోనే మొదలుపెట్టాను. వంటింటి కాటాలో పెడితే 195 గ్రాములు. చెక్క పిడి ఎలాగూ చీలిపోయింది, రివెట్లు తీయించి దాన్ని ఊడదీశాను. ఒట్టి అలుగు, దాని తోక కలిపి 125 గ్రాములు. అలుగు పొడవు 20 సెంటీమీటర్లు. అమ్మమ్మకి గుమ్మడికాయ కొట్టే పని లేదు, 15 చాలు. సానపట్టే దుకాణంలో ముందు భాగం కోయించి, కొత్త మొన తీయించాను. ఊరికే కోయకూడదు, మధ్యమధ్యలో నీళ్ళలో ముంచాలి. వేడికి ఉక్కు నీలం తిరిగితే అక్కడ గట్టిదనం పోతుంది. ఇది నాకు ఏ వీడియో చెప్పలేదు, సానపట్టే ఆయనే చెప్పాడు. తోకలో నాలుగు రంధ్రాలు కూడా వేయించాను. చాలా తేలికవుతుందని మురిసిపోయాను గానీ, కాటాలో చూస్తే తగ్గింది మూడు గ్రాములే! అయినా రంధ్రాలు వృథా కాలేదు. జిగురు వాటిలోంచి అటూఇటూ పట్టుకుని పిడిని గట్టిగా నిలబెట్టింది.

ఇప్పుడు నా తప్పులు. మొత్తం నాలుగు పిడులు చేశాను.

మొదటి పిడి నేనే ఊహించి చేశాను. అమ్మమ్మ నిద్రపోతుంటే చెయ్యి కొలిచాను. చిన్న చెయ్యి కాబట్టి సన్న పిడి అనుకున్నాను. ప్రింటయ్యాక తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. "ఇదేందమ్మే, పెన్సిలు లాగుంది" అంది. "నా వేళ్ళు అంతగా మూసుకోవు. కీళ్ళు పట్టేసుకోని ఉండయ్ గదా. లావుగా ఉంటేనే పట్టు దొరుకుద్ది. నన్నడిగితే చెప్పేదాన్ని గదా, నిద్దర్లో కొలిస్తే చెయ్యి ఏం జెప్పుద్ది?"

నిజమే. ఫ్యాక్టరీవాళ్ళు ఆమెని అడగలేదని కోపం తెచ్చుకున్న నేను కూడా ఆమెని అడగలేదు.

రెండో పిడికి చపాతీ పిండి గట్టిగా కలిపి, చిన్న స్కేలు చుట్టూ ముద్దగా అంటించి ఇచ్చాను. తరిగేటప్పుడు ఎలా పట్టుకుంటుందో అలాగే పట్టుకోమన్నాను. వేళ్ళ గుర్తులు పడ్డాయి. ప్లస్ టూ ఫిజిక్స్ ల్యాబ్‌లో వాడిన వెర్నియర్ కాలిపర్స్ గుర్తుందా? దాంతో అయిదు చోట్ల మందం కొలిచాను. అన్నిటికన్నా లావైన చోట 34 మిల్లీమీటర్లు, చూపుడు వేలు ఆనే చోట 24. ఆ కొలతలతో టింకర్‌క్యాడ్‌లో బొమ్మ గీశాను. అది ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, స్కూలు పిల్లలు కూడా వాడతారు. ఈసారి ఆకారం కుదిరింది. కానీ పదార్థం కుదరలేదు. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. స్టవ్ పక్కన పెట్టిన కత్తి పిడి మర్నాటికి వంగిపోయింది.

మూడోది పీఈటీజీతో చేశాం. ఇది 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కానీ పిడిని నిలువుగా నిలబెట్టి ప్రింట్ చేశాం. పొరలు పిడికి అడ్డంగా వచ్చాయి. కంద మీద గట్టిగా నొక్కగానే పొరల మధ్య పటుక్కున విడిపోయింది. అదృష్టం, అప్పుడు కత్తి నా చేతిలోనే ఉంది, ఆమె చేతిలో లేదు.

నాలుగోది పడుకోబెట్టి ప్రింట్ చేశాం. పొరలు పొడవునా వచ్చాయి, గట్టిగా ఉంది. ఇంకో సవరణ కూడా చేశాం. పిడి మరీ తేలికైతే కత్తి ముందుకు తూగుతుంది, మొన కిందికి వాలిపోకుండా మణికట్టు ఆపాల్సి వస్తుంది. అందుకని పిడి వెనక భాగం లోపల ఎక్కువ నింపి, ముందు భాగం డొల్లగా ఉంచాం. తేలికగా ఉంటే చాలదు, తూకం కుదరాలి. చివరికి పిడి 33 గ్రాములు వచ్చింది. అదే లావు పిడి గట్టి చెక్కతో చేస్తే 50 గ్రాములు దాటేది. లావుగా ఉండాలి, బరువు ఉండకూడదు. ఈ రెండూ కలిపి ఇవ్వగలగడమే ప్రింటర్ గొప్ప.

కత్తి మొత్తం ఇప్పుడు 138 గ్రాములు. తగ్గింది 57 గ్రాములే కదా అనొచ్చు. ఒక పూట కూరకి రెండొందల సార్లు కత్తి ఎత్తి దించితే, అది పదకొండు కిలోల పైమాట. ఆ లెక్క చెప్పాక మామయ్య మళ్ళీ సామెత ఎత్తలేదు.

ఇంట్లో, క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు నాకు నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. నాలుగూ ఆలోచించదగ్గవే.

ఒకటి: "రెండొందలు పెడితే మెత్తటి పిడి కత్తి దుకాణంలోనే దొరుకుతుంది కదా?" దొరుకుతుంది. అది ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో సామ్ ఫార్బర్ అనే వ్యాపారి భార్య బెట్సీకి కీళ్ళ నొప్పులు. తొక్క తీసే పీలర్ పట్టుకోలేక ఆమె ఇబ్బంది పడేది. ఆ ఇబ్బందిలోంచి 1990లో ఆక్సో అనే కంపెనీ లావుపాటి రబ్బరు పిడుల సామాను తెచ్చింది. ప్రపంచమంతా కొన్నది. డిజైన్ పాఠాల్లో ఆ కథని భార్య కష్టం చూడలేక భర్త చేసిన మేలుగా చెప్తారు. పిడి ఇలా ఉండాలన్న ఆలోచన తనదేనని, చరిత్రలో మాత్రం తాను కీళ్ళ నొప్పులున్న మనిషిగానే మిగిలిపోతానని బెట్సీ తర్వాత చెప్పుకుంది. నొప్పి ఆడవాళ్ళది, ఆలోచన ఇంకొకరిదిగా లెక్క రాయడం అక్కడా ఉంది. మన పనిముట్టుని మనమే గీసుకుంటే ఆ లెక్క మారుతుంది. అందుకే 'కొనుక్కోవచ్చు' అన్న జవాబు నాకు సరిపోలేదు.

రెండు: "ప్లాస్టిక్ కదా, తిండి దగ్గర మంచిదా?" ఈ భయం సబబే. ప్రింటయిన పిడి మీద పొరల గాళ్ళుంటాయి, వాటిలో తడి, చేప నీసు చేరతాయి. అందుకే పిడిని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, ఎపాక్సీ పూత వేసి, మూడు రోజులు ఆరనిచ్చాం. నీళ్ళలో నానబెట్టం. తిండిని తాకే అలుగు ఉక్కుదే కాబట్టి ప్లాస్టిక్ కూరలో పడే ప్రశ్న రాదు. అయినా ప్లాస్టిక్ వద్దనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది. చవగ్గా ప్రింట్ చేసి, నాలుగుసార్లు సరిచూసుకుని, కుదిరిన నమూనాని వడ్రంగికి ఇచ్చి చెక్కతో చేయించుకోవచ్చు. ఒక్కో పిడికి మాకు అయిన ప్లాస్టిక్ ఖర్చు నలభై రూపాయల లోపే. వడ్రంగి దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి 'రెండు మిల్లీమీటర్లు తగ్గించు' అనడానికి మొహమాటపడతాం. యంత్రం దగ్గర మొహమాటం ఉండదు. తప్పు చేయడం చవకైనప్పుడే నేర్చుకోవడం కుదురుతుంది.

మూడు: "ఆడపిల్లలు ఇంట్లో కత్తులు చేయడమేంటి, పోలీసులు ఊరుకుంటారా?" ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింది నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు గానీ 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న అలుగులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి తప్ప. మాది ఆరంగుళాల కూరగాయల కత్తి. అలాగని సంచిలో వేసుకుని మెట్రో ఎక్కకూడదు, కాలేజీకి తేకూడదు. పనిచేసేటప్పుడు అలుగుకి మందంగా టేపు చుట్టాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ఈ జాగ్రత్తలు చెప్పకుండా ఉత్సాహం మాత్రమే పంచితే తప్పు.

నాలుగోది నాకు బాగా గుచ్చుకుంది: "తెలుగు మెయిన్ చదివేదానివి, నీకెందుకే ఈ ఇనప సామాను?" దీనికి నా జవాబు మన సబ్జెక్టులోనే ఉంది. పని మొదలుపెట్టినప్పుడు నేను తమ్ముడితో బ్లేడు, హ్యాండిలు, టిప్పు అనే మాట్లాడాను. అమ్మమ్మకి సగం అర్థం కాలేదు, అందుకే సగం చెప్పలేకపోయింది. పిండి ముద్ద పట్టుకున్న రోజు ఆమె తన మాటల్లో చెప్పింది: అలుగు, వెన్ను, మొన, పదును, పిడి, ఒర. పిడి చీలకుండా చివర వేసే లోహపు కట్టుని పొన్ను అంటారని ఆ రోజే తెలిసింది. రోకలికి ఉంటుందే, అదే. మూడో పిడి విరిగినప్పుడు "పొన్ను వెయ్యలేదా?" అని అడిగింది. పొరలు అడ్డంగా వచ్చిన తప్పుని పొన్ను కాపాడేది కాదేమో గానీ, పిడి ఎక్కడ చీలుతుందో ఆమెకి ముందే తెలుసు. ఆ మాట తెలియని నాకు ఆ ప్రమాదమూ తెలియలేదు. వాడే మనిషి మాటల్లో అడిగితేనే వాడే మనిషి జ్ఞానం బయటికొస్తుంది. ఈ పని తెలుగు డిపార్ట్‌మెంట్ కాకపోతే ఇంకెవరు చేస్తారు?

కాబట్టి రెండు విన్నపాలు.

మొదటిది కాలేజీకి. హైదరాబాద్‌లో 2023లో టీ-వర్క్స్ తెరిచారు. వస్తువుల నమూనాలు చేసుకునే పెద్ద కేంద్రం అది. మన ఊళ్ళోనే ఐఐటీ మద్రాస్ విద్యార్థులకి 2008 నుంచి సొంత ఇన్నోవేషన్ సెంటర్ ఉంది. అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల వల్ల ఆరో తరగతి పిల్లలే కొన్ని స్కూళ్ళలో త్రీడీ ప్రింటర్ ముట్టుకుంటున్నారు. ఆ పిల్లలే పెద్దయి ఆర్ట్స్ కాలేజీకి వస్తే ఇక్కడ జెరాక్స్ మెషిన్ తప్ప ఏమీ ఉండదు. చిన్న ప్రింటర్ ధర ఇరవై వేల దరిదాపుల్లో ఉంటుంది. లైబ్రరీలో ఒక మూల ఒకటి పెడితే చాలు, అన్ని డిపార్ట్‌మెంట్లూ వాడుకుంటాయి.

రెండోది మనకి. ఈ వేసవి సెలవుల్లో ఇంట్లో వంట చేసేవాళ్ళని ఒక్క ప్రశ్న అడుగుదాం: "నీకు పడని పనిముట్టు ఏది?" కత్తే కానక్కర్లేదు, గరిటె కావచ్చు, కుక్కర్ పిడి కావచ్చు, కొబ్బరి కోరు కావచ్చు. వాళ్ళు చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకొద్దాం. బాగుచేయడం తర్వాత, ముందు వినడం. నేను వినకుండా మొదలుపెట్టి ఒక పిడి దండగ చేశాను.

అమ్మమ్మ మళ్ళీ కూరలు తరుగుతోంది. రోజూ కాదు, తనకి తోచినప్పుడు. కత్తి గురించి ఇంతవరకు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కానీ మొన్న అమ్మ ఆ కత్తి తీసుకుని దోసకాయ తరగబోతే, "అది నాది, నీది నువ్వు చేయించుకోబో" అంది.

ఈ గోడపత్రిక కింద బల్ల మీద నాలుగు పిడులూ పెట్టాను. నాలుగోది కాపీ, అసలుది ఇంట్లో పనిలో ఉంది. అలుగులు లేవు, భయపడకండి. మేడమ్‌లు కూడా ఒకసారి పట్టుకుని చూడాలని కోరుతున్నాను. ఏది మీ చేతికి కుదిరింది, ఏది కుదరలేదు, ఎక్కడ గుచ్చుకుంది, పక్కనున్న నోటుబుక్కులో రాయండి. అయిదో పిడి మా అమ్మ కోసం మొదలుపెట్టాలి. ఈసారి అడిగే మొదలుపెడతాను.